మంచి పరీక్ష ప్రశ్న రాయడం ఎందుకు కష్టం? – లేపాక్షి ఉదాహరణలతో

భాగం – 9

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని అధ్యయనం చేసిన తరువాత మీరు:
• ఒక ప్రశ్న దేన్ని కొలుస్తున్నదో గుర్తించగలుగుతారు.
• వ్యాసరూప ప్రశ్నకు హద్దులు, మార్కుల విభజన ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.
• బహుళైచ్ఛిక ప్రశ్నలలో సాధారణంగా కనిపించే లోపాలను సవరించగలుగుతారు.
• కాఠిన్యతా సూచిని, విచక్షణా సూచిని లెక్కించగలుగుతారు.
• మీ సొంత అధ్యయనానికి మీరే ప్రశ్నలు తయారు చేసుకోగలుగుతారు.

9.1 పరిచయం

ఇంతవరకు మీరు ప్రశ్నకు జవాబు రాసే వైపు కూర్చున్నారు. ఈ భాగంలో కాసేపు ప్రశ్నపత్రం తయారుచేసేవారి కుర్చీలో కూర్చోండి. మీలో కొందరు రేపు ఉపాధ్యాయులు అవుతారు. కాకపోయినా, ప్రశ్న ఎలా పుడుతుందో తెలిసినవారికి ప్రశ్నను చదవడం కూడా బాగా తెలుస్తుంది.

ముందుగా నా పొరపాటు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట నేను చరిత్ర పాఠం చెప్పే రోజుల్లో డిగ్రీ విద్యార్థులకు 15 మార్కుల ప్రశ్న ఒకటి ఇచ్చాను: “లేపాక్షి ఆలయం గురించి రాయండి.” హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పిల్లలే ఎక్కువగా ఉన్న తరగతి కనుక ఇది వాళ్లకు సులువుగా ఉంటుందనుకున్నాను. జవాబులో ఉండవలసిన ఆరు అంశాలను నా కాగితం మీద రాసిపెట్టుకున్నాను: కాలం, నిర్మించినవారు, నంది, నాగలింగం, వేలాడే స్తంభం, చిత్రాలు.

ధర్మవరంలో మగ్గం నేసే కుటుంబం నుంచి వచ్చిన ఒక విద్యార్థి నాలుగు పేజీలు రాశాడు. నాలుగు పేజీలూ ఆలయం పైకప్పు మీది చిత్రాల గురించే. ఆ బొమ్మల్లోని చీరల అంచులు, గళ్లు, పువ్వులు, తల ముడులు, పురుషుల తలపాగాలు అన్నీ వివరించి, ఆ కాలపు నేతపని గురించి వాటి వల్ల ఏమి తెలుస్తుందో రాశాడు. నంది ప్రస్తావన లేదు. నిర్మించినవారి పేర్లు లేవు. నా కాగితం ప్రకారం అతనికి 4 మార్కులు వచ్చాయి. ఆ పేపరులో ఉత్తీర్ణతకు అతనికి రెండు మార్కులు తగ్గాయి.

ఫలితాల తరువాత అతను నా దగ్గరకు వచ్చి ఒకటే మాట అడిగాడు: “నంది గురించి కూడా రాయాలని ప్రశ్నలో యాడ ఉంది సార్?”

నా దగ్గర జవాబు లేదు. ప్రశ్నలో నిజంగానే లేదు. అది నా కాగితంలో ఉంది, నా మనసులో ఉంది. అతను సప్లిమెంటరీ పరీక్ష రాయవలసి వచ్చింది. ఆ రెండు మార్కులు అతని చదువులోని లోపం వల్ల పోలేదు; నా ప్రశ్నలోని లోపం వల్ల పోయాయి. పరీక్ష ప్రశ్న రాయడం ఎంత బాధ్యతో నాకు అప్పుడు అర్థమైంది. ఆ రోజు నుంచి నేర్చుకున్నదాన్నే ఈ భాగంలో క్రమంగా చెబుతున్నాను. ఉదాహరణలన్నీ లేపాక్షి నుంచే తీసుకున్నాను.

9.2 ప్రశ్న దేన్ని కొలవాలి?

తూనికరాయి సరిగా లేకపోతే బెల్లం ఎంత మంచిదైనా తూకం తప్పుతుంది. ప్రశ్న కూడా ఒక కొలత సాధనమే. మంచి కొలత సాధనానికి రెండు ముఖ్య లక్షణాలు ఉండాలి.

మొదటిది సప్రమాణత. దేన్ని కొలవాలని అనుకున్నామో దాన్నే కొలవడం సప్రమాణత. విజయనగర కళను అర్థం చేసుకున్నారా అని తెలుసుకోవాలనుకొని, నంది పొడవు ఎన్ని అడుగులని అడిగితే, కొలిచింది అవగాహనను కాదు, అంకెల జ్ఞాపకాన్ని.

రెండవది విశ్వసనీయత. ఒకే జవాబుకు ఎవరు దిద్దినా, ఎప్పుడు దిద్దినా దాదాపు ఒకే మార్కులు రావడం విశ్వసనీయత. ఈ విషయంలో ప్రసిద్ధమైన పరిశీలన ఒకటి అమెరికాలో 1912–13 ప్రాంతంలో జరిగింది. డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే జవాబు పత్రం ప్రతులను అనేక పాఠశాలలకు పంపి దిద్దించారు. ఇంగ్లీషు పత్రాలకు మార్కులు చాలా తేడాగా వచ్చాయి. అది భాషా విషయం కనుక అలా జరిగిందని కొందరు అన్నారు. అప్పుడు రేఖాగణితం పత్రాన్ని పంపారు. దానికి వందకు 28 నుంచి 90 పైచిలుకు వరకు మార్కులు వచ్చాయి! పత్రం ఒకటే, విద్యార్థి ఒకడే. దిద్దే చేయి మారితే ఉత్తీర్ణుడు అనుత్తీర్ణుడు అవుతాడన్నమాట.

మన దేశంలోనూ ఈ ఆందోళన కొత్తది కాదు. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, విశ్వవిద్యాలయ విద్యలో ఒకే ఒక సంస్కరణను సూచించవలసి వస్తే అది పరీక్షల సంస్కరణే కావాలని అభిప్రాయపడింది.

9.2.1 ఆలోచనా స్థాయిలు

1956లో బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు బోధన లక్ష్యాలను ఆరు మెట్లుగా వర్గీకరించారు: జ్ఞానం, అవగాహన, వినియోగం, విశ్లేషణ, సంశ్లేషణ, మూల్యాంకనం. 2001లో ఆండర్సన్, క్రాత్‌వోల్ ఈ వర్గీకరణను సవరించి, మెట్లకు క్రియారూపాలను ఇచ్చారు. చివరి మెట్టుగా సృజించడాన్ని ఉంచారు. ఒకే పాఠం మీద వేర్వేరు మెట్లలో ప్రశ్నలు ఎలా ఉంటాయో చూడండి.

జ్ఞాపకం: లేపాక్షి వీరభద్రాలయ నిర్మాణంతో సంబంధం ఉన్న సోదరుల పేర్లు రాయండి.
అవగాహన: ఆ ఆలయంలోని కల్యాణ మండపాన్ని చూసి అది అసంపూర్తిగా మిగిలిందని ఎలా చెప్పగలం?
వినియోగం: ‘లేపాక్షి ఆలయాన్ని 1565 తరువాత, పెనుకొండ రాజధానిగా ఉన్నప్పుడు కట్టారు’ అని ఒక కరపత్రంలో ఉంది. ఆలయ శాసనాలు అచ్యుతదేవరాయల కాలానికి చెందినవి. కరపత్రంలోని మాట సరైనదేనా? కారణం చెప్పండి.

మూడవ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనూ ఒకే వాక్యంగా దొరకదు. అచ్యుతదేవరాయలు 1529 నుంచి 1542 వరకు పాలించాడని, తళ్లికోట యుద్ధం 1565లో జరిగిందని, ఆ తరువాతే రాజధాని పెనుకొండకు మారిందని తెలిసిన విద్యార్థి ఈ మూడింటినీ కలిపి కరపత్రం తప్పని తేల్చగలడు. విషయం పాఠంలోనిదే, పని మాత్రం కొత్తది. మంచి ప్రశ్నకు ఇది గుర్తు.

అయితే పై మెట్టు ప్రశ్నలే గొప్పవని, జ్ఞాపకం ప్రశ్నలు పనికిరానివని అనుకోకూడదు. 1565 గుర్తులేనివారు మూడవ ప్రశ్నకు జవాబు చెప్పలేరు. కావలసింది పాళ్లు కుదరడం. అందుకే ప్రశ్నలు రాయడానికి ముందే భారత్వ పట్టికను, అంటే బ్లూప్రింట్‌ను తయారు చేసుకోవాలి. ఉదాహరణకు విజయనగర కళ అనే పాఠానికి 20 మార్కులు కేటాయిస్తే, జ్ఞాపకానికి 6, అవగాహనకు 6, వినియోగానికి 4, విశ్లేషణకు 4 అని ముందే పంచుకోవచ్చు. పట్టిక లేకుండా రాస్తే చేయి తనకు అలవాటైన సులువైన ప్రశ్నల వైపే పోతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
గమనిక: మీ జవాబును నోటుపుస్తకంలో రాసి, భాగం చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
సప్రమాణతకూ విశ్వసనీయతకూ తేడా ఏమిటి?

9.3 వ్యాసరూప ప్రశ్న: హద్దు గీయడం

వ్యాసరూప ప్రశ్నను రాయడం సులువు, దిద్దడం కష్టం. ‘లేపాక్షి గురించి రాయండి’ అని రాయడానికి నాకు అర నిమిషం పట్టలేదు. నేను మిగుల్చుకున్న ఆ శ్రమ అంతా విద్యార్థి నెత్తిన పడింది. నా మనసులో ఏముందో అతను ఊహించాలి. ఊహించగలిగినవారు ఎవరు? నా తరగతికి రోజూ వచ్చి, నేను ఏ అంశాన్ని నొక్కి చెప్పానో విన్నవారు. దూరవిద్యలో ఆ అవకాశం కూడా ఉండదు. మీ చేతిలో ఉన్నది ఈ పుస్తకం, పరీక్షలో మీ ఎదుట ఉన్నది ప్రశ్న. అందువల్ల దూరవిద్య ప్రశ్నపత్రంలో ప్రశ్నే అన్నీ చెప్పాలి.

హద్దు గీయడానికి నాలుగు అంశాలు చూసుకోవాలి: ఏ విషయం, అందులో ఏ భాగం, విద్యార్థి చేయవలసిన పని ఏమిటి, దేనికి ఎన్ని మార్కులు. నా పాత ప్రశ్నను ఈ పద్ధతిలో తిరిగి రాస్తే ఇలా ఉంటుంది:

“మీ పాఠంలో ఇచ్చిన లేపాక్షి పైకప్పు చిత్రాల ఆధారంగా, 16వ శతాబ్దపు వేషధారణ గురించి ఏమి తెలుసుకోవచ్చో రెండు ఉదాహరణలతో వివరించండి. ఇలాంటి ఆధారానికి ఉన్న ఒక పరిమితిని తెలపండి. (ఉదాహరణలు 4+4, వాటి నుంచి చేసిన నిర్ధారణ 4, పరిమితి 3; మొత్తం 15 మార్కులు)”

ఈ ప్రశ్నకు ఆ ధర్మవరం విద్యార్థి జవాబును ఇప్పుడు ఊహించండి. ఉదాహరణలకు, నిర్ధారణకు అతనికి మంచి మార్కులే వస్తాయి. పరిమితి గురించి, అంటే దేవతలను, రాచవారిని, కొలువులోని వారిని ఎక్కువగా చూపే చిత్రాల నుంచి సామాన్య రైతు ఏమి కట్టుకున్నాడో తెలుసుకోవడం కష్టమనే విషయం గురించి, అతను రాయలేదు. అక్కడ 3 మార్కులు పోతాయి. అలా పోవడం న్యాయం, ఎందుకంటే ఆ పని చేయమని ప్రశ్న అడిగింది.

‘మీ పాఠంలో ఇచ్చిన’ అనే మాటను కూడా గమనించండి. లేపాక్షి హిందూపురానికి 15 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఆ ప్రాంతపు విద్యార్థి ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లి చూసి రాగలడు. శ్రీకాకుళంలో ఉన్న విద్యార్థికి అది కుదరదు. ఇద్దరూ రాసేది ఒకే పరీక్ష. కాబట్టి జవాబుకు అవసరమైన ఆధారం ఇద్దరి చేతిలోనూ ఉన్న పుస్తకంలోనే ఉండాలి. అదే సమయంలో, స్వయంగా చూసి రాసినవాడి పరిశీలన సరైనదైతే, పుస్తకంలో లేదనే కారణంతో దాన్ని కొట్టివేయకూడదు.

మార్కుల విభజనను ప్రశ్న రాసిన రోజే రాయాలి, జవాబు పత్రాలు వచ్చాక కాదు. నమూనా జవాబును తానే రాసి చూసుకోవడం ఇంకా మంచిది. 15 మార్కుల జవాబును రాయడానికి ప్రశ్నకర్తకే 40 నిమిషాలు పడితే, పరీక్ష హాలులో విద్యార్థికి 25 నిమిషాలు ఎలా చాలుతాయి?

9.4 బహుళైచ్ఛిక ప్రశ్న: సులువుగా కనిపించే కష్టం

బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్ష అమెరికాలో ఫ్రెడరిక్ కెల్లీ 1914–15 ప్రాంతంలో రూపొందించిన చదువు పరీక్షతో ప్రచారంలోకి వచ్చింది. దిద్దేవారి ఇష్టాయిష్టాలను తొలగించడం దాని ఉద్దేశం. ఇక్కడ శ్రమ తలకిందులవుతుంది: దిద్దడం సులువు, రాయడం కష్టం. ఈ కష్టాన్ని తప్పించుకోబోతే వచ్చే లోపాలు ఇవి.

(అ) నమ్మదగని ఐచ్ఛికాలు. ‘లేపాక్షి ఆలయాన్ని నిర్మించినవారు? (1) అశోకుడు (2) షాజహాన్ (3) విరూపణ్ణ, వీరన్న (4) అక్బరు.’ పాఠం చదవనివారు కూడా దీనికి జవాబు గుర్తిస్తారు.

(ఆ) వ్యాకరణం ఇచ్చే ఆచూకీ. ‘ఆ ఆలయాన్ని కట్టించిన సోదరులు ఎవరు?’ అని బహువచనంలో అడిగి, మూడు ఐచ్ఛికాలలో ఒక్కొక్క పేరు, నాలుగవదానిలో రెండు పేర్లు ఇస్తే జవాబు ప్రశ్నలోనే దొరుకుతుంది. తెలుగులో వచనం, లింగం, విభక్తి అన్నీ ఇలా గుట్టు విప్పగలవు. ప్రశ్న రాసిన తరువాత ప్రతి ఐచ్ఛికాన్ని ప్రశ్నతో కలిపి పైకి చదివి చూడాలి. అన్నీ ఒకేలా అతకాలి.

(ఇ) పొడవైన ఐచ్ఛికం. సరైన జవాబులో తప్పు దొర్లకూడదని ప్రశ్నకర్త జాగ్రత్తగా రాస్తాడు, అది పొడవవుతుంది. మిగిలిన మూడూ రెండేసి మాటల్లో ముగుస్తాయి. తెలివైన విద్యార్థి పొడవు చూసి గుర్తు పెట్టేస్తాడు.

(ఈ) రెండు వ్యతిరేకార్థాలు. ‘కింది వాటిలో లేపాక్షిలో లేనిది కానిది ఏది?’ ఇది చరిత్ర ప్రశ్న కాదు, చిక్కుముడి. వ్యతిరేకార్థం తప్పనిసరైతే ఒక్కసారే వాడి, ఆ పదం కింద గీత గీయాలి.

(ఉ) ‘పైవన్నీ’. రెండు ఐచ్ఛికాలు సరైనవని తెలిస్తే చాలు, మూడవది తెలియకపోయినా జవాబు దొరుకుతుంది.

మరి మంచి ప్రశ్న ఎలా ఉంటుంది? దీన్ని చూడండి.

విరూపణ్ణ, వీరన్న సోదరులు లేపాక్షిలో వీరభద్రాలయాన్ని కట్టించిన కాలంలో విజయనగర చక్రవర్తి ఎవరు?
(1) శ్రీకృష్ణదేవరాయలు (2) అచ్యుతదేవరాయలు (3) సదాశివరాయలు (4) తిరుమల దేవరాయలు

జవాబు రెండవది. మిగిలిన మూడింటిలో ప్రతిదానికీ ఒక కారణం ఉంది. విజయనగరంలోని ప్రతి గొప్ప కట్టడాన్నీ శ్రీకృష్ణదేవరాయలకే కట్టబెట్టేవారు మొదటిదాన్ని ఎంచుకుంటారు. తళ్లికోట యుద్ధ కాలంతో కలగాపులగం చేసుకునేవారు మూడవదాన్ని, రాజధాని పెనుకొండకు మారిన కాలంతో కలిపేవారు నాలుగవదాన్ని ఎంచుకుంటారు. అంటే తప్పు జవాబు కూడా విద్యార్థి ఎక్కడ పొరబడ్డాడో చెబుతుంది. తరగతిలో విద్యార్థులు నిజంగా చేసే తప్పులను ఉపాధ్యాయుడు ఒక పుస్తకంలో రాసిపెట్టుకుంటే, అవే తరువాత మంచి ఐచ్ఛికాలు అవుతాయి.

నాలుగు ఐచ్ఛికాలు ఉండి తీరాలనే నియమం లేదు. నమ్మదగిన తప్పు జవాబులు రెండే దొరికితే మూడు ఐచ్ఛికాలతో ఆగడమే మేలు. నాలుగు ఐచ్ఛికాలున్న 20 ప్రశ్నలకు కళ్లు మూసుకొని గుర్తులు పెట్టినా సగటున 5 సరైనవి అవుతాయి. చెత్త ఐచ్ఛికాలను చేర్చడం వల్ల ఆ అదృష్టం తగ్గదు. వాటిని ఎవరూ ఎంచుకోరు కనుక పెరుగుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
‘లేపాక్షి నందిని చెక్కినది: (1) కర్రతో (2) ఇనుముతో (3) ఒకే రాతిలో (4) గాజుతో.’ ఈ ప్రశ్నలోని రెండు లోపాలను తెలపండి.

9.5 ప్రశ్నలోని వాస్తవం: కొలత, కథ, కాలం

ప్రశ్న నిర్మాణం ఎంత చక్కగా ఉన్నా, దానిలోని వాస్తవం గట్టిది కాకపోతే ప్రశ్న నిలవదు. లేపాక్షి ఈ విషయంలో మనకు మంచి పాఠశాల.

కొలత: లేపాక్షి నంది ఏకశిలా విగ్రహం, ఆలయానికి కొద్ది దూరంలో ఉంది. దాని పొడవు కొన్ని పుస్తకాలలో 27 అడుగులు, మరికొన్నింటిలో 30 అడుగులు అని కనిపిస్తుంది. ఎత్తు విషయంలోనూ ఒకచోట 15, మరొకచోట 20 ఉంటుంది. ‘నంది పొడవు ఎంత?’ అని అడిగి 27, 30 రెండింటినీ ఐచ్ఛికాలుగా ఇస్తే, ఒకే పుస్తకం చదివినవారికి మార్కు వస్తుంది, రెండు పుస్తకాలు చదివినవారు తికమకపడతారు. ఎక్కువ చదివినందుకు శిక్ష వేసే ప్రశ్న అది.

కథ: లేపాక్షి పేరు గురించి రెండు స్థలగాథలు ప్రచారంలో ఉన్నాయి. రావణునితో పోరాడి పడిపోయిన జటాయువును చూసి రాముడు ‘లే పక్షీ’ అన్నాడని ఒకటి. ఖజానా సొమ్మును ఆలయానికి ఖర్చు చేశాడనే నిందకు గురైన విరూపణ్ణ తన కళ్లను తానే పోగొట్టుకున్నాడని, దానివల్ల ఆ పేరు వచ్చిందని మరొకటి. ‘లేపాక్షికి ఆ పేరు ఎలా వచ్చింది?’ అనే ప్రశ్నకు వీటిలో ఒకదాన్ని మాత్రమే సరైన జవాబుగా పెడితే, కథను చరిత్రగా మార్చినట్లవుతుంది. కథలను అడగవచ్చు, అవి ప్రజల జ్ఞాపకంలో భాగమే. అయితే ‘జటాయువుతో ముడిపడిన స్థలగాథ ప్రకారం’ అని ప్రశ్నలోనే చెప్పాలి.

అతిశయోక్తి: నాట్య మండపంలోని వేలాడే స్తంభం అడుగుభాగం నేలకు పూర్తిగా ఆనదు. సందర్శకులు దాని కింద నుంచి పలుచని గుడ్డను అటు నుంచి ఇటు లాగి చూస్తారు. దీన్ని ‘నేలను ఏమాత్రం తాకకుండా గాలిలో వేలాడే స్తంభం’ అని రాయడం పర్యాటక కరపత్రానికి సరిపోవచ్చు, ప్రశ్నపత్రానికి సరిపోదు. పూర్తిగా, ఎప్పుడూ, ఒక్కటే, ఆసియాలోకెల్లా పెద్దది వంటి మాటలు కనిపించినప్పుడు ప్రశ్నకర్త కలం ఆగాలి.

కాలం: ‘లేపాక్షి ఏ జిల్లాలో ఉంది?’ పాత పుస్తకాలలో జవాబు అనంతపురం. 2022 ఏప్రిల్ 4 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. పాత ప్రశ్నల నుంచి ఏరి కొత్త పత్రం తయారుచేసేవారు ఇక్కడే పొరబడతారు. కాలంతో మారే వాస్తవాన్ని అడిగేటప్పుడు ‘ప్రస్తుతం’ అని గానీ, సంవత్సరం గానీ తప్పక ఇవ్వాలి. ఆ పాఠం కొత్త ముద్రణలో సవరించారో లేదో కూడా చూడాలి.

9.6 ప్రశ్న భాష

తెలుగు మాధ్యమంలో చదివే మీకు ఈ విభాగం మరింత దగ్గరిది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి, కళాశాల స్థాయి పాఠ్యపుస్తకాలను, పారిభాషిక పదాలను తెలుగులో తెచ్చింది. 1982లో హైదరాబాదులో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, తెలుగులో డిగ్రీ చదువును కళాశాలకు వెళ్లలేనివారి ఇళ్లకు చేర్చింది. పాఠం తెలుగులో వచ్చింది. ప్రశ్న మాత్రం చాలాసార్లు ముందు ఇంగ్లీషులో పుట్టి, తరువాత తెలుగులోకి వస్తుంది. ఆ దారిలో జారిపోయేవి కొన్ని ఉంటాయి.

‘కాలమ్’ అనే ఇంగ్లీషు మాటకు పట్టికలోని నిలువు వరుస అనీ, రాతి స్తంభం అనీ రెండు అర్థాలు. ‘క్యాపిటల్’ అంటే రాజధాని, మూలధనం కూడా. సందర్భం చూడకుండా అనువదిస్తే, ‘రెండవ నిలువు వరుసలోని అంశాలతో జతపరచండి’ అని ఉండవలసిన చోట ‘రెండవ స్తంభంతో జతపరచండి’ అని పడుతుంది. విద్యార్థి లేపాక్షిలోని రెండవ స్తంభం ఏదా అని వెతుక్కోవాలి!

దీనికంటే సూక్ష్మమైన ప్రమాదం క్రియాపదాలలో ఉంది. ఇంగ్లీషులో వేర్వేరుగా ఉన్న ఆదేశాలన్నీ తెలుగులోకి వచ్చేసరికి ‘వివరించండి’, ‘చర్చించండి’గా మారిపోతాయి. ఒక్కొక్క మాట ఒక్కొక్క పనిని అడుగుతుంది:

• పేర్కొనండి: పేర్లు లేదా అంశాలు చెప్పితే చాలు, కారణాలు అక్కరలేదు.
• వివరించండి: ఎలా, ఎందుకు అనేవి చెప్పాలి.
• పోల్చండి: ఒకే ప్రమాణంతో రెండింటి పోలికలు, తేడాలు చూపాలి.
• సమర్థించండి: ఇచ్చిన అభిప్రాయానికి ఆధారాలు చూపాలి.
• విమర్శనాత్మకంగా పరిశీలించండి: అనుకూలమైనవి, ప్రతికూలమైనవి రెండూ తూచి, మీ నిర్ణయం చెప్పాలి.

హిందూపురం కన్నడ సరిహద్దులో ఉన్న ఊరు. అక్కడ ఇంట్లో కన్నడం, ఉర్దూ మాట్లాడుతూ తెలుగులో చదివే విద్యార్థులు ఎందరో ఉన్నారు. చరిత్ర పరీక్షలో వారి తెలుగు పాండిత్యాన్ని పరీక్షించకూడదు. ‘లేపాక్షీ దేవాలయ భిత్తిచిత్ర వైశిష్ట్యమును సోదాహరణముగా నిరూపింపుడు’ అని రాస్తే గంభీరంగా ఉంటుంది. కానీ చిత్రాల గురించి బాగా తెలిసి, ‘భిత్తి’ అంటే గోడ అని తెలియనివారు అక్కడే ఆగిపోతారు. వాక్యం పొట్టిగా, మాట తెలిసినదిగా ఉండాలి. పారిభాషిక పదం తప్పనిసరైతే పాఠంలో వాడిన పదాన్నే ప్రశ్నలోనూ వాడాలి.

9.7 పరీక్ష తరువాత: ప్రశ్నకు కూడా పరీక్ష

జవాబు పత్రాలు దిద్దడంతో విద్యార్థికి పరీక్ష ముగుస్తుంది. ప్రశ్నకు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. దీనికి రెండు సులువైన లెక్కలు ఉన్నాయి.

కాఠిన్యతా సూచి: సరైన జవాబు ఇచ్చినవారి సంఖ్యను మొత్తం రాసినవారి సంఖ్యతో భాగించాలి. ఇది 1కి దగ్గరైతే ప్రశ్న చాలా సులువు, 0కి దగ్గరైతే చాలా కష్టం.

విచక్షణా సూచి: బాగా చదివినవారిని, చదవనివారిని ప్రశ్న వేరు చేయగలుగుతున్నదా అని ఇది చెబుతుంది. మొత్తం మార్కుల క్రమంలో పై నుంచి 27 శాతం, కింది నుంచి 27 శాతం విద్యార్థులను తీసుకోవడం వాడుక. పై వర్గంలో సరిగా రాసినవారి సంఖ్య నుంచి కింది వర్గంలో సరిగా రాసినవారి సంఖ్యను తీసివేసి, ఒక వర్గంలోని సంఖ్యతో భాగించాలి.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. 100 మంది పరీక్ష రాశారనుకోండి. పై వర్గంలో 27 మంది, కింది వర్గంలో 27 మంది ఉంటారు. విజయనగర చక్రవర్తి గురించిన ప్రశ్నకు పై వర్గంలో 24 మంది, కింది వర్గంలో 9 మంది సరిగా రాశారు. విచక్షణా సూచి (24–9)/27, అంటే సుమారు 0.56. ఈ రెండు వర్గాలను బట్టి కాఠిన్యతా సూచి 33/54, అంటే సుమారు 0.61. ఇది మంచి ప్రశ్న.

నంది పొడవు ప్రశ్నకు పై వర్గంలో 14 మంది, కింది వర్గంలో 16 మంది సరిగా రాశారనుకోండి. విచక్షణా సూచి (14–16)/27, అంటే సుమారు –0.07. బాగా చదివినవారే ఎక్కువగా తప్పారు. ఇలాంటి రుణ సంఖ్య కనిపిస్తే తప్పు విద్యార్థిలో వెతకకూడదు. ‘కీ’ తప్పా, రెండు జవాబులు సరైనవా, భాష తికమకగా ఉందా అని ప్రశ్నలో వెతకాలి. లోపం బయటపడితే ఆ ప్రశ్నను లెక్క నుంచి తీసివేయడమో, సరైన జవాబులన్నింటికీ మార్కు ఇవ్వడమో చేయాలి. సవరించిన ప్రశ్నను కారణంతో సహా ప్రశ్నల నిధిలో భద్రపరచాలి.

వ్యాసరూప ప్రశ్నలకు ఇంకొక పద్ధతి ఉంది. మొదట పది, పదిహేను పత్రాలను ఇద్దరు విడివిడిగా దిద్ది, మార్కులను పోల్చుకోవాలి. తేడా ఎక్కువగా ఉంటే మార్కుల విభజనను స్పష్టం చేసుకొని, తరువాతే మిగిలినవి దిద్దాలి. నేను ఆ రోజు నా కాగితాన్ని మరొక అధ్యాపకుడికి చూపించి ఉంటే, ‘ఈ ఆరు అంశాలు ప్రశ్నలో ఎక్కడున్నాయి?’ అని ఆయనే అడిగి ఉండేవారు. ఆ మాటను ఫలితాల తరువాత విద్యార్థి నోట వినవలసి వచ్చేది కాదు.

9.8 ఇది మీకు ఎలా ఉపయోగపడుతుంది?

పగలు పని చేసుకొని రాత్రి చదివేవారు మీలో చాలామంది. మీ సమయం విలువైనది. ప్రతి భాగం చదివిన తరువాత దాని మీద మూడు ప్రశ్నలు మీరే రాయండి: ఒకటి జ్ఞాపకానికి, ఒకటి అవగాహనకు, ఒకటి వినియోగానికి. ప్రతి ప్రశ్నకు మార్కుల విభజన కూడా రాయండి. మూడవ ప్రశ్న రాయలేకపోతే ఆ పాఠం ఇంకా పూర్తిగా అర్థం కాలేదని గుర్తు. సంపర్క తరగతులలో మీ ప్రశ్నలను తోటివారితో మార్చుకోండి.

పరీక్ష హాలులో ప్రశ్నను రెండుసార్లు చదవండి. క్రియాపదం కింద గీత గీసుకోండి. ‘గురించి రాయండి’ వంటి హద్దులేని ప్రశ్న ఎదురైతే, మొదటి పేరాలోనే ‘ఈ జవాబులో కాలం, నిర్మాణం, శిల్పం, చిత్రాలు అనే నాలుగు అంశాలను పరిశీలిస్తున్నాను’ అని మీరే హద్దు గీయండి. అన్ని అంశాలను కొద్దికొద్దిగా తాకి, మీకు బాగా తెలిసినదాన్ని విస్తరించండి. ప్రశ్న లోపం వల్ల మీకు కలిగే నష్టం దీనితో కొంత తగ్గుతుంది. ప్రశ్నలో తప్పుందని మీకు నమ్మకం కలిగితే, పరీక్ష తరువాత కారణంతో సహా రాతపూర్వకంగా తెలియజేయండి. అడగడం తప్పు కాదు. ఒక విద్యార్థి అడగబట్టే నేను ఇదంతా నేర్చుకున్నాను.

9.9 సారాంశం

ప్రశ్న ఒక కొలత సాధనం. అది కొలవవలసినదాన్నే కొలవాలి. ఎవరు దిద్దినా దాదాపు ఒకే ఫలితం ఇవ్వాలి. వ్యాసరూప ప్రశ్నకు హద్దు, మార్కుల విభజన అవసరం. బహుళైచ్ఛిక ప్రశ్నకు నమ్మదగిన ఐచ్ఛికాలు అవసరం. కొలతలు, స్థలగాథలు, కాలంతో మారే వాస్తవాలను జాగ్రత్తగా అడగాలి. భాష సరళంగా, ఆదేశం స్పష్టంగా ఉండాలి. పరీక్ష తరువాత ప్రశ్నను కూడా లెక్కలతో పరీక్షించాలి. ఈ శ్రమను ప్రశ్నకర్త తప్పించుకుంటే, దాని ఖరీదును విద్యార్థి మార్కులలో చెల్లిస్తాడు.

9.10 కీలక పదాలు

సప్రమాణత: కొలవదలచినదాన్నే కొలవడం.
విశ్వసనీయత: దిద్దేవారు, సమయం మారినా ఫలితం నిలకడగా ఉండడం.
భారత్వ పట్టిక: అంశాల వారీగా, స్థాయిల వారీగా మార్కులను ముందే పంచే ప్రణాళిక.
విచక్షణా సూచి: బాగా చదివినవారిని, చదవనివారిని ప్రశ్న ఎంతవరకు వేరు చేస్తుందో తెలిపే సంఖ్య.

9.11 ‘మీ ప్రగతిని పరీక్షించుకోండి’ – సమాధానాలు

1. అనుకున్న సామర్థ్యాన్నే కొలవడం సప్రమాణత. ఎవరు, ఎప్పుడు దిద్దినా దాదాపు ఒకే మార్కులు రావడం విశ్వసనీయత. నంది పొడవు అడిగి కళావగాహనను కొలిచామనుకోవడం సప్రమాణత లోపం. ఒకే పత్రానికి ఇద్దరు చాలా తేడాగా మార్కులు వేయడం విశ్వసనీయత లోపం.
2. (అ) కర్ర, ఇనుము, గాజు అనే ఐచ్ఛికాలు నమ్మదగినవి కావు. (ఆ) మూడు ఐచ్ఛికాలు ‘తో’తో, సరైనది ‘లో’తో ముగియడం వల్ల జవాబు బయటపడుతుంది.

9.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 వాక్యాలలో జవాబులు రాయండి. (ఒక్కొక్కటి 5 మార్కులు)
1. స్థలగాథల మీద ప్రశ్న రాసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తను లేపాక్షి పేరు ఉదాహరణతో వివరించండి. (జాగ్రత్త 2, ఉదాహరణ 3)
2. 50 మంది రాసిన పరీక్షలో ఒక ప్రశ్నకు 20 మంది సరిగా జవాబు ఇచ్చారు. దాని కాఠిన్యతా సూచిని లెక్కించి, ఆ ప్రశ్న గురించి మీ అభిప్రాయం చెప్పండి. (లెక్క 2, అభిప్రాయం 3)

II. కింది ప్రశ్నకు 30 వాక్యాలలో జవాబు రాయండి. (15 మార్కులు)
3. ‘మీ ఊరి చరిత్ర గురించి రాయండి’ అనే ప్రశ్నలోని లోపాలను చెప్పి, దాన్ని మంచి వ్యాసరూప ప్రశ్నగా తిరిగి రాసి, మార్కుల విభజన ఇవ్వండి. (లోపాలు 5, కొత్త ప్రశ్న 5, మార్కుల విభజన 5)